బీరువా మీది మినీడీవీ టేపుల్ని ఇంట్లోనే కంప్యూటర్‌లోకి ఎక్కించుకోవడం ఎలా?

మా చిన్నాయన 2004లో కువైట్ నుంచి సెలవు మీద వస్తూ ఒక క్యామ్‌కార్డర్ తెచ్చాడు. అరచేతిలో ఇమిడేది. పక్కన చిన్న తెర విప్పుకుంటుంది, లోపల అగ్గిపెట్టె కంటే కాస్త పెద్ద క్యాసెట్ పడుతుంది. కడప జిల్లాలో కువైట్‌కు మనిషిని పంపిన ఇళ్లు ఎన్నో. సెలవుకొచ్చినవాళ్ల పెట్టెలోంచి సెంటు సీసాలు, దుప్పట్లతో పాటు ఇలాంటి కెమెరా ఒకటి దిగడం ఆ రోజుల్లో వింతేమీ కాదు. నాలుగైదేళ్లపాటు మా ఇంట్లో జరిగిన ప్రతిదీ అందులో పడింది. మా అత్త పెళ్లి, జేజినాయన చెక్కభజన, ఊరి తిరునాళ్లలో బండలాగుడు, రథసప్తమినాడు దేవుని కడప రథం. ఆ తర్వాత ఫోన్లు వచ్చాయి. కెమెరా, 23 టేపులు ఒక ప్లాస్టిక్ సంచిలో బీరువా మీదికి ఎక్కాయి.

వాటిని దించి పని మొదలుపెట్టి ఏడాదయింది. ఇప్పుడు 22 టేపులు పూర్తిగా, ఒకటి పదకొండు సెకన్లు తక్కువగా కంప్యూటర్‌లో ఉన్నాయి. ఆ పదకొండు సెకన్లు నా తొందరపాటు వల్ల పోయాయి. మీకు పోకూడదని ఇది వరసగా రాస్తున్నాను.

ముందు మీ దగ్గరున్నది ఏదో చూసుకోండి

క్యామ్‌కార్డర్లన్నీ ఒకటి కావు. క్యాసెట్ మీద ‘మినీ డీవీ’ అని ఉంటే ఈ పద్ధతంతా మీకు పనికొస్తుంది. డీవీ 1995లో వచ్చిన డిజిటల్ పద్ధతి. టేపు వెడల్పు 6.35 మిల్లీమీటర్లు, మామూలు వేగంలో గంటసేపు పడుతుంది. ఇంకాస్త పెద్ద క్యాసెట్ అయితే అది వీడియో 8 లేదా హై8 కావచ్చు. అవి అనలాగ్, వాటి దారి వేరు. ఎనిమిది సెంటీమీటర్ల బుల్లి డీవీడీ మీద రాసే కెమెరాలూ వచ్చాయి. వాటిలో డిస్కును కెమెరాలోనే ‘ఫైనలైజ్’ చేయకపోతే కంప్యూటర్ చదవదు. హార్డ్‌డిస్క్, మెమరీకార్డు కెమెరాలున్నవాళ్లకు పెద్ద కష్టం లేదు, ఈరోజే ఫైళ్లు కాపీ చేసుకోండి.

ఇంకో సంగతి. కువైట్‌లోనూ మన దేశంలోనూ టీవీ పద్ధతి పాల్, కాబట్టి మాకు ఇబ్బంది రాలేదు. మీ కెమెరా అమెరికా నుంచి వచ్చి ఉంటే అది ఎన్‌టీఎస్‌సీ. ఆ కెమెరాలో తీసిన టేపులు ఆ రకం కెమెరాలోనే సరిగ్గా ఆడతాయి. సెకండ్ హ్యాండ్‌లో ఇంకో కెమెరా కొనాల్సి వస్తే ముందు అడగాల్సింది ఇదే.

టేపులో ఉన్నది వీడియో మాత్రమే కాదు

ఎందుకింత శ్రమ, స్టూడియోకి ఇస్తే డీవీడీ చేసి ఇస్తారు కదా అని మా ఇంట్లోనూ అన్నారు. నేనూ ముందు రెండు టేపులు ఒక స్టూడియోకి ఇచ్చాను. వచ్చిన డీవీడీలో అందరూ అడ్డంగా సాగి, బుగ్గలు ఉబ్బి కనిపించారు. చీరల అంచులు అలికినట్టున్నాయి. వాళ్లు చేసిందల్లా కెమెరాకు పసుపు, తెలుపు, ఎరుపు పిన్నుల వైరు తగిలించి, వచ్చిన బొమ్మను మళ్లీ రికార్డు చేయడమే.

మినీడీవీ టేపు మీద ఉన్నది అప్పటికే డిజిటల్ డేటా. దాన్ని పసుపు పిన్ను మీదుగా బయటికి తీస్తే అనలాగ్ అవుతుంది, మళ్లీ డిజిటల్ చేయాలి, దాన్ని డీవీడీకి మళ్లీ కుదించాలి. కాఫీ ఫిల్టర్‌లో మూడోసారి నీళ్లు పోసినట్టు. అదే ఫైర్‌వైర్ అనే తీగతో తీస్తే టేపు మీద ఉన్న అంకెలు ఉన్నవి ఉన్నట్టే ఫైలుగా దిగుతాయి. గంట టేపు సుమారు 13 జీబీ అవుతుంది. స్టూడియోకే ఇవ్వదలిస్తే ఒక్క ప్రశ్న అడగండి: “గంటకు 13 జీబీ వచ్చే డీవీ ఫైలుగానే ఇస్తారా?” అవునన్నారంటే వాళ్లకు పని తెలుసు. “అంత ఎందుకు సార్, ఎంపీ4 ఇస్తాం” అంటే టేపులు వెనక్కి తెచ్చుకోండి.

ఫైర్‌వైర్‌తో ఇంకోటి కూడా వస్తుంది. దృశ్యం తీసిన తేదీ, సమయం తెర మీద కనిపించకపోయినా టేపులో ప్రతి ఫ్రేముతోనూ రాసి ఉంటాయి. పసుపు పిన్ను దారిలో అవి పోతాయి. మా అత్త పెళ్లి టేపులో ముహూర్తం ఉదయం 6.50 అని చూపించింది. అసలు ముహూర్తం 9.20కి. నాకు అర్థం కావడానికి ఒక పూట పట్టింది. చిన్నాయన గడియారాన్ని కువైట్ టైము మీదే వదిలేశాడు, అది మనకంటే రెండున్నర గంటలు వెనుక! ఆ లెక్క తెలిశాక మిగతా టేపుల టైములన్నీ సరిచేసుకున్నాను.

కరెంటు, బ్యాటరీ

పాత బ్యాటరీని ముందు బయటికి తీయండి. ఉబ్బి ఉంటే దాన్ని మళ్లీ చార్జింగ్‌కు పెట్టకండి, ఇంట్లో ఉంచకండి. పనంతా అడాప్టరు మీదే నడపాలి. అడాప్టరు పోయి ఉంటే ప్లగ్గు పట్టింది కదా అని ఏదో ఒకటి పెట్టకండి. కెమెరా మీద, అడాప్టరు మీద వోల్టేజీ ఒకటే ఉండాలి, ప్లస్ మైనస్ ఏ వైపో కూడా కలవాలి. మా అడాప్టరుకు కువైట్ నమూనా చదరపు మూడు పిన్నులున్నాయి. అలాంటివైతే ఒక కన్వర్షన్ ప్లగ్ తెచ్చుకోండి. చాలా అడాప్టర్లు 100 నుంచి 240 వోల్టుల దాకా తట్టుకుంటాయి, ఆ అంకెలు దాని మీదే ఉంటాయి.

అడాప్టరు తగిలించి, కెమెరా ఆఫ్‌లోనే ఉంచి ఒక రోజంతా వదిలేయండి. లోపల గడియారం కోసం చిన్న చార్జింగ్ బ్యాటరీ ఉంటుంది, ఏళ్ల తరబడి వాడకపోతే అది అడుగంటిపోతుంది.

కరెంటు పోయే వేళ తెలిస్తే ఆ టైములో టేపు పెట్టకండి. టేపు లోపల దాన్ని చదివే డ్రమ్ముకు చుట్టుకుని ఉన్నప్పుడు కరెంటు పోతే కెమెరా ఎక్కడిదక్కడ ఆగిపోతుంది. ఇన్వర్టర్ ఉన్న గదిలో కూర్చోండి.

మొదట పనికిరాని టేపు పెట్టండి

నేను తప్పు చేసింది ఇక్కడే. సంచి విప్పగానే మా జేజి ఉన్న టేపు కనిపించింది. ఆమె పోయి పన్నెండేళ్లయింది. ఆగలేక ఆ టేపే ముందు పెట్టాను. పదేళ్లకు పైగా కదలని యంత్రం, లోపల రబ్బరు రోలరు గట్టిపడి ఉంటుందన్న ఆలోచనే రాలేదు. ఒక నిమిషం ఆడింది. తర్వాత చిరచిరమని ఒక చప్పుడు, తెర నిండా నీలం. ఎజెక్ట్ నొక్కితే మూత సగం తెరుచుకుంది. లోపలినుంచి నల్లటి టేపు జానెడు పొడవున ఉచ్చులా వేలాడింది. వెంట్రుక కంటే పలచన, వెలుతురుకు అద్దంలా మెరుస్తోంది.

అదృష్టం బాగుండి లాగలేదు. మీకు ఇలా జరిగితే మీరూ లాగకండి, కత్తెర అసలే వద్దు. ఆఫ్ చేసి, అడాప్టరు పీకి, పది నిమిషాలాగి మళ్లీ పెట్టి ఒక్కసారి ఎజెక్ట్ నొక్కి చూడండి. రాకపోతే అక్కడితో ఆపండి. నేను దాన్ని అలాగే గుడ్డలో చుట్టుకుని, ఎప్పటినుంచో టీవీలు, టేప్‌రికార్డర్లు బాగుచేసే ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన పక్క రేకు విప్పి, టేపును లోపలికి లాక్కునే బుల్లి మోటారు చక్రాన్ని సన్న స్క్రూడ్రైవరు కొనతో పంటి తర్వాత పన్ను తిప్పుతూ ఇరవై నిమిషాలు కూర్చున్నాడు. ఉచ్చు వదులై టేపు బయటికొచ్చింది. ఆయన దాన్ని చుట్టి నా చేతిలో పెట్టి, “ముందు పనికిరాని టేపు పెట్టి చూడాల గదా నాయనా” అన్నాడు. ముడతపడిన ఆ ముక్కే పదకొండు సెకన్లు.

కాబట్టి ఖాళీ టేపో, పోయినా బాధ లేని టేపో ముందు పెట్టండి. క్యాసెట్ ట్రే మీద ‘పుష్’ అని రాసి ఉన్నచోట మాత్రమే నొక్కాలి. ట్రే దానంతటది లోపలికి దిగేదాకా ఆగి, అప్పుడు బయటి మూత వేయండి. తొందరపడి మూతతోనే ట్రేను నెట్టడం వల్ల వంకరపోయిన కెమెరాలు చాలా ఉన్నాయి. ప్లే, ఫార్వర్డ్, రివైండ్, ఎజెక్ట్, ఇలా నాలుగైదుసార్లు తిప్పి చెవి పెట్టి వినండి. సన్నని గుంయ్ చప్పుడు మామూలే. కీచుమన్నా, టకటక కొట్టుకున్నా మంచి టేపులు పెట్టకుండా మెకానిక్‌కు చూపించండి. కొన్ని మోడళ్లలో తెర మీద కోడ్ వస్తుంది. సోనీ వాటిలో సీ:21 అంటే లోపల తేమ చేరిందని, సీ:22 అంటే టేపును చదివే హెడ్లు మురికిపట్టాయని. సీ:31, సీ:32 అంటే ఈ రెండూ కాక ఇంకేదో చిక్కు.

టేపుల్ని సిద్ధం చేయడం

ప్రతి క్యాసెట్ వెన్నున ఒక చిన్న జారుడు మీట ఉంటుంది, ఒక పక్క ‘రెక్’, ఇంకో పక్క ‘సేవ్’. 23 టేపులకూ దాన్ని సేవ్ వైపు నెట్టాకే నేను వేరే పని పెట్టుకున్నాను. పొరపాటున రికార్డు బటన్ తగిలితే పెళ్లి మీద మన గదిలోని ఫ్యాన్ ఎక్కుతుంది, దాన్ని ఎవరూ వెనక్కి తేలేరు.

తర్వాత క్యాసెట్ కిటికీలోంచి లోపలికి చూడండి. చుట్ట అంచు మీద తెల్లటి బూజు కనిపిస్తే ఆ టేపు కెమెరాలో పెట్టొద్దు. ఆ బూజు హెడ్లకు, అక్కడినుంచి తర్వాతి టేపులకు పాకుతుంది. వేరే కవరులో కట్టి పక్కన పెట్టి, టేపులు శుభ్రం చేయడం వచ్చినవాళ్లకే ఇవ్వండి. కడపలో మాకు బూజు బాధ తక్కువ, దుమ్మూ ఎండా ఎక్కువ. ఎండాకాలం నలభై డిగ్రీలు దాటే మిద్దె ఇంట్లో, పైకప్పుకు జానెడు కింద బీరువా మీద ఇన్నేళ్లు ఉడికాయవి. అయినా బతికాయంటే నాకే ఆశ్చర్యం.

ఏసీ గదిలోంచి తెచ్చిన టేపును, కెమెరాను వెంటనే వాడకుండా ఒక గంట గది వేడికి అలవాటుపడనివ్వండి. తేమ పట్టిన డ్రమ్ముకు టేపు అతుక్కుంటుంది. ఆ తర్వాత టేపును చివరిదాకా ఫార్వర్డ్ చేసి, మళ్లీ మొదటికి రివైండ్ చేయండి. గంట టేపు పొడవు 68 మీటర్ల దాకా ఉంటుంది. ఏళ్లపాటు ఒకే చుట్టలో బిగుసుకున్నది ఇలా ఒకసారి విప్పి చుడితే సమానంగా నడుస్తుంది.

టేపుకో నంబరు రాసుకోండి. పాత లేబుల్ మీద ఏముందో అది కూడా నోటుపుస్తకంలో ఎక్కించండి. మా చిన్నాయన ఒక దాని మీద ‘గిత్తలు, బాగుంది’ అని మాత్రమే రాశాడు.

హెడ్ల శుభ్రం

లోపల డ్రమ్ము నిమిషానికి 9,000 చుట్లు తిరుగుతుంది. దాని మీది హెడ్లు టేపు మీద ఏటవాలుగా గీతలు చదువుతాయి. పాల్‌లో ఒక్క ఫ్రేముకు 12 గీతలు, ఒక్కో గీత వెడల్పు 10 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో నూరో వంతు. ఇంత సన్న పనిలో ఒక్క దుమ్ము రేణువు చాలు. బొమ్మ మీద అక్కడక్కడా చిన్న చతురస్రాలు చెదిరితే అది టేపు లోపం కావచ్చు. బొమ్మ మొత్తం అడ్డ పట్టీలుగా విడిపోయి, ఒక పట్టీ కదులుతూ పక్క పట్టీ బిగుసుకుపోయి కనిపిస్తే మాత్రం రెండు హెడ్లలో ఒకటి మూసుకుపోయిందని అర్థం.

మినీడీవీ డ్రై క్లీనింగ్ క్యాసెట్ ఒకటి తెచ్చుకోండి. పెట్టి ప్లే నొక్కి పది సెకన్లలోపే ఆపాలి. దాన్ని రివైండ్ చేయకండి, వాడిన భాగం మళ్లీ వాడకూడదు. అది ఒక రకం గరుకు కాగితం లాంటిది, ఎక్కువసేపు ఆడిస్తే హెడ్లే అరుగుతాయి. దూదికి స్పిరిట్ అద్ది తుడవమని చెప్పేవాళ్లుంటారు. చేయి తిరిగినవాళ్లకు అది సరే, నాకు ధైర్యం చాలలేదు.

అసలు చిక్కు: ఫైర్‌వైర్

కెమెరా పక్క రబ్బరు మూత కింద ‘డీవీ’ అని రాసి ఉన్న చిన్న నాలుగు పిన్నుల రంధ్రం ఉంటుంది. సోనీ దాన్నే ఐ.లింక్ అంది. అసలు పేరు ఐఈఈఈ 1394. పక్కనే యూఎస్‌బీ కూడా ఉంటుంది కదా అనుకుంటారు. చాలా మినీడీవీ కెమెరాల్లో ఆ యూఎస్‌బీ మెమరీకార్డులోని ఫోటోల కోసం, లేదా నాసిరకం వీడియో కోసం. టేపు అసలు నాణ్యతతో దిగేది డీవీ రంధ్రం నుంచే.

ఇప్పటి ల్యాప్‌టాప్‌లకు ఫైర్‌వైర్ లేదు. ఇక్కడ జనం పడే గోతిలో నేనూ పడ్డాను. ఒక చివర ఫైర్‌వైర్, ఇంకో చివర యూఎస్‌బీ ఉన్న వైరు మూడొందల యాభైకి ఆన్‌లైన్‌లో కొన్నాను. అది పని చేయదు. రెండూ వేర్వేరు భాషలు, మధ్యలో అనువదించే చిప్ ఏమీ లేకుండా వైర్లు కలిపితే మాట పలకదు. కడప ఏడురోడ్ల దగ్గర మొబైల్ సామాన్ల అంగళ్లలో అడిగితే ఎవరికీ ఆ పేరే తెలియదు. వాళ్లనీ అనడానికి లేదు, ఆ వైరు అడిగిన మనిషి వాళ్లకు ఏళ్లుగా తగిలి ఉండడు.

దారులు మూడున్నాయి. సులువైనది పాత ల్యాప్‌టాప్. 2005 నుంచి 2010 మధ్య వచ్చిన చాలా వాటికి పక్కన ఈ నాలుగు పిన్నుల రంధ్రం ఉంది. చుట్టాల్లో ఎవరి అటక మీదైనా దొరుకుతుంది, నిదానంగా నడిచినా ఈ పనికి సరిపోతుంది. రెండోది డెస్క్‌టాప్‌లో ఫైర్‌వైర్ కార్డు పెట్టించుకోవడం. నేను ఇదే చేశాను. పీసీఐ ఎక్స్‌ప్రెస్ కార్డు, టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ చిప్ ఉన్నది, వైరుతో కలిపి నాకు పన్నెండొందలు పడింది. కార్డు వైపు ఆరు పిన్నులు, కెమెరా వైపు నాలుగు, కాబట్టి ‘ఆరు నుంచి నాలుగు’ వైరు అని అడగాలి. మూడోది ఫైర్‌వైర్ ఉన్న పాత యాపిల్ మ్యాక్.

వైరు పెట్టేటప్పుడు కెమెరా, కంప్యూటరు రెండూ ఆఫ్ చేయండి. ఆరు పిన్నుల వైపు కరెంటు ఉంటుంది, తలకిందులుగా బలవంతంగా తోస్తే కార్డు కాలిపోతుంది. నాలుగు పిన్నుల కొన మరీ సున్నితం, వంకర చూసుకుని నిదానంగా దూర్చాలి.

విండోస్ 10, 11లో కార్డు కనిపిస్తున్నా కెమెరా కనిపించకపోతే గాబరా పడకండి. డివైస్ మేనేజర్‌లో 1394 కార్డు డ్రైవరును ‘లెగసీ’ అని పేరున్న పాత డ్రైవరుకు మార్చాలి. మైక్రోసాఫ్ట్ దాన్ని విడిగా డౌన్‌లోడ్‌కు పెట్టింది. నాకు ఇది తెలిసేలోపు ఒక ఆదివారం మొత్తం పోయింది.

ఎక్కించడం

విండోస్‌లో విన్‌డీవీ అనే బుల్లి ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు. లైనక్స్‌లో డీవీగ్రాబ్. రెండూ రికార్డింగ్ ఎక్కడ ఆగి ఎక్కడ మొదలైందో గుర్తుపట్టి, ఒక్కో దృశ్యాన్ని విడి ఫైలుగా కోసి, తీసిన తేదీ సమయాలనే పేరుగా పెడతాయి. విన్‌డీవీలో టైప్ 1, టైప్ 2 అని అడుగుతుంది. టైప్ 2 ఎంచుకోండి, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లలో ఎక్కువ వాటికి అదే నచ్చుతుంది.

డిస్కు ఎన్‌టీఎఫ్‌ఎస్ లేదా ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలో ఫార్మాట్ అయి ఉండాలి. పాత ఫ్యాట్32 డిస్కులో ఫైలు 4 జీబీ దాటదు, అంటే ఇరవై నిమిషాల లోపే ఆగిపోతుంది. మా 23 టేపులకు దాదాపు 300 జీబీ అయింది.

కెమెరా స్విచ్‌ను ప్లే లేదా వీసీఆర్ వైపు తిప్పండి. స్క్రీన్‌సేవర్, స్లీప్, అప్‌డేట్లు ఆపేయండి. ముందు కంప్యూటర్‌లో క్యాప్చర్ నొక్కి, తర్వాతే కెమెరాలో ప్లే నొక్కండి. అటూ ఇటూ చేస్తే మొదటి రెండు మూడు సెకన్లు తెగిపోతాయి. గంట టేపుకు గంట పడుతుంది, దీంట్లో అడ్డదారి లేదు. ‘డ్రాప్డ్ ఫ్రేమ్స్’ అని, అంటే మధ్యలో జారిపోయిన ఫ్రేములు ఎన్నో, ఒక లెక్క కనిపిస్తుంటుంది. అది సున్నా దగ్గరే ఉండాలి. పెరుగుతోందంటే తప్పు కంప్యూటర్‌ది, టేపుది కాదు. వేరే ప్రోగ్రాములు మూసి మళ్లీ చేయండి. నేను రోజుకు రెండు టేపులకు మించి పెట్టలేదు. కెమెరా అడుగు భాగం వేడెక్కుతుంది, ముసలి యంత్రాన్ని అంతకంటే తోలడం మంచిది కాదనిపించింది.

మధ్యలో ఖాళీ వచ్చిందని ఆపేయకండి. రికార్డు చేసి, వెనక్కి చూసుకుని, కాస్త ముందుకు జరిపి మళ్లీ తీసేవాళ్లు ఆ రోజుల్లో. అందుకే నీలం తెర రెండు నిమిషాలు వచ్చి, తర్వాత మళ్లీ బొమ్మ ఉంటుంది. ‘గిత్తలు, బాగుంది’ టేపులో ఖాళీ తర్వాత పన్నెండు నిమిషాలు మా జేజినాయన చెక్కభజన నేర్పిస్తున్నాడు. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ గుర్తు లేదు.

టేపు మొండికేస్తే

చతురస్రాలు చెదురుతుంటే ముందు రివైండ్ చేసి అదే భాగం మళ్లీ క్యాప్చర్ చేయండి. రెండోసారి చెదిరే చోటు మారవచ్చు. మొదటిసారి బాగా వచ్చిన ఫ్రేములు, రెండోసారి బాగా వచ్చినవి కలిపి ఒకటి చేసే డీవీరెస్క్యూ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. టేపుల భద్రత పని చేసేవాళ్ల కోసం తయారైంది కాబట్టి మొదట కొరుకుడు పడదు, కానీ ముఖ్యమైన టేపుకు ఆ శ్రమ దండగ కాదు.

టేపు ఎల్‌పీలో తీసి ఉంటే, అంటే గంట టేపులో గంటన్నర పట్టించి ఉంటే, గీతల వెడల్పు 10 మైక్రాన్ల నుంచి 6.67కు తగ్గుతుంది. అలాంటివి చాలాసార్లు తీసిన కెమెరాలోనే సరిగ్గా ఆడతాయి. కాబట్టి పాత కెమెరాను పాత సామాన్లవాడికి తూకానికి వేయకండి.

మాట, బొమ్మ కలవకపోవడం ఇంకో తలనొప్పి. ఈ కెమెరాల్లో శబ్దం రెండు రకాలు: 16 బిట్, 12 బిట్. ఒకే టేపులో సగం ఇలా, సగం అలా ఉంటే కొన్ని ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లు తడబడి, నోరు ముందు మెదిలి మాట వెనక వస్తుంది. మారిన చోట ఫైలును రెండుగా కోసుకుంటే సరిపోతుంది.

అందరికీ పంచడానికి

డీవీ ఫైళ్లే అసలువి, వాటిని మార్చకండి, చెరపకండి. రెండు వేర్వేరు డిస్కుల్లో, రెండు వేర్వేరు ఇళ్లలో ఉంచండి. మాది ఒకటి కడపలో, ఒకటి చిన్నాయన కొడుకు దగ్గర బెంగళూరులో ఉంది.

చూసుకోవడానికి హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఎంపీ4 చేసుకోండి. ఇక్కడ రెండు మాటలు. ఒకటి, ఈ వీడియోలో సెకనుకు 25 ఫ్రేములు, ఒక్కో ఫ్రేములో రెండు సగాలు అల్లుకుని ఉంటాయి. పాత టీవీకి అది సరే, ఇప్పటి తెర మీద కదిలే వాటి అంచులకు దువ్వెన పళ్లలా గీతలు వస్తాయి. చెక్కభజనలో చెక్కలు ఆడించే చేతులు చూస్తే వెంటనే తెలుస్తుంది. ఫిల్టర్లలో డీఇంటర్‌లేస్ తెరిచి, ‘బాబ్’ ఎంచుకోండి. సెకనుకు 50 ఫ్రేములు అవుతాయి, చేతుల వేగం పోకుండా గీతలు పోతాయి. రెండు, డీవీ బొమ్మ 720 బై 576. దాన్ని 4:3గా చూపించాలి, అంటే 768 బై 576 వెడల్పు. వైడ్‌స్క్రీన్‌లో తీసి ఉంటే 1024 బై 576. ఈ లెక్క తప్పి, 4:3 బొమ్మను వైడ్‌స్క్రీన్‌కు సాగదీస్తేనే స్టూడియో డీవీడీలో లాగా బుగ్గలు ఉబ్బుతాయి. నాణ్యత అంకె 18, 20 మధ్య పెడితే చాలు.

వాట్సాప్‌లో మామూలు వీడియోగా పంపితే మళ్లీ నలిపేస్తుంది. డాక్యుమెంట్‌గా పంపండి, 2 జీబీ దాకా పోతుంది.

జేజి టేపు అన్నిటికంటే చివర ఎక్కించాను. ఆమె ఇది ఫోటో కెమెరా అనుకుని గడప పక్కన రెప్ప వేయకుండా బిర్రుగా నిలబడి ఉంటుంది. నలభై సెకన్లు అలాగే. వెనకనుంచి చిన్నాయన గొంతు, “ఫోటో కాదు మా, ఏమన్నా మాట్లాడు.” జేజి కళ్లు మాత్రం ఇటు తిప్పి, “మాట్లాడితే ఇందులో పడతాదా?” అంటుంది. అక్కడినుంచి పదకొండు సెకన్లు చతురస్రాలు. మళ్లీ బొమ్మ వచ్చేసరికి ఇద్దరూ నవ్వుతుంటారు.

తర్వాత

ఎక్కించేశాం కదా అని టేపులు పారేయకండి. మొదటిదాకా రివైండ్ చేసి, డబ్బాలో పెట్టి, పుస్తకాల్లా నిలువుగా నిలబెట్టండి. స్పీకర్లకు దూరంగా, ఇంట్లో అన్నిటికంటే చల్లగా ఉండే గదిలో, కింది అరలో. కెమెరాను ఆరు నెలలకొకసారి తీసి పనికిరాని టేపుతో పది నిమిషాలు ఆడించండి, రబ్బరు రోలరు ఒకేచోట నొక్కుకుని ఉండిపోకుండా. పని అయ్యాక బ్యాటరీ విడిగా, కెమెరా విడిగా పెట్టండి. లోపల టేపు మాత్రం ఉంచకండి.